బర్బనా, రైయా, స్కాచా? లొల్లి పెట్టుకునే ముందు లేబుల్ సదువుండ్రి

2025 ఫిబ్రవరిల కేంద్ర సర్కారు అమెరికా బర్బన్ విస్కీ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి దించింది. అదే ఏడాది జూలై 24న బ్రిటన్‌తోని వ్యాపార ఒప్పందం మీద సంతకాలైనయ్. దాని ప్రకారం స్కాచ్ మీద సుంకం, ఒప్పందం అమలైన దినం 75 శాతానికి, పదో ఏడాదికల్లా 40 శాతానికి దిగాలె. ఈ రెండు వార్తలు పడ్డకాన్నుంచి ఫోన్లల్ల విస్కీ పంతుళ్లు ఎక్కువైండ్రు. బర్బన్ గొప్పదా, స్కాచ్ గొప్పదా, మధ్యల ఈ రై అంటే ఏంది, ఏది కొనాలె, ఏది వద్దు అని రీలు మీద రీలు. మా తమ్ముళ్లు గూడ వాట్సాప్‌ల సీసా ఫొటో పెట్టి "అన్నా, గిది మంచిదేనా?" అని అడుగుతున్నరు.

నాకు ఆ ముచ్చటంటే ఇష్టమే. తెలంగాణల 21 ఏండ్లు నిండనోళ్లకు మందు అమ్మొద్దని చట్టమున్నది, తాగని తమ్ముళ్లను ఇది సదివి మొదలువెట్టుమని నేను చెప్తలేను. కాని పైసలు పెట్టి కొనేటోడు ఏం కొంటున్నడో తెల్సుకోవాలె గదా. రీల్స్‌ల చెప్పే సలహాలు చానామటుకు రెండే కొలతల మీద నడుస్తున్నయ్. సీసా మీద ఎన్నేండ్లని రాసున్నది, ధర ఎంతున్నది. ఈ రెండింటినే పట్టుకొని బర్బన్‌ను స్కాచ్‌తోని పోలిస్తె, వరి మడి నీళ్ల లెక్కతోని జొన్న చేనుకు వంక పెట్టినట్టుంటది.

పోల్చే గుణం మనకు కొత్తగ రాలే. కల్లు మండువ కాడ కూసున్న పెద్దమనుషులను అడుగుండ్రి. ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. తాట్ల మళ్ల పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని చెట్టును బట్టి, కాలాన్ని బట్టి పేర్లు. పొద్దుగాల దించింది ఒక తీరు, పొద్దూకి దించింది ఇంకో తీరు. ఫలానా చెట్టుదే కావాలె అని పట్టువట్టి కూసునేటోళ్లు గూడ ఉన్నరు. వాళ్లు ధర చూసి రుచి చెప్పరు. చెట్టేది, ఎప్పుడు దించిండ్రు, నీళ్లు కలిసినయా, అని అడుగుతరు. విస్కీని అడగాల్సింది గూడ గంతే. గింజ ఏది, పీపా ఏది, ఎక్కడ పండవెట్టిండ్రు, ఏం కలిపిండ్రు.

బర్బన్‌నే తీసుకోండ్రి. అమెరికా చట్టం ప్రకారం దాంట్ల వాడే గింజలల్ల కనీసం 51 శాతం మక్కలుండాలె. చానా బట్టీలల్ల 70 శాతం, అంతకంటె ఎక్కువే ఉంటయ్. మిగిలింది రై, మొలకలెత్తించిన బార్లీ. మేకర్స్ మార్క్ అసొంటోళ్లు రై బదులు గోధుమ వేస్తరు, అందుకే అది గొంతుల మెత్తగ దిగుతది. కాచిన సారాను కొత్త ఓక్ చెక్క పీపాలనే పోయాలె. ఆ పీపా లోపలంతా మంటతోని నల్లగ కాల్చి ఉండాలె. ఒక్కసారి వాడిన పీపా మళ్ల బర్బన్‌కు పనికిరాదు. బలం తగ్గించనీకి నీళ్లు పోస్తరు, అంతే తప్ప రంగు కలపొద్దు, వాసన కలపొద్దు. సీసాల కనవడే ఎర్రటి రంగు, వెనిల్లా వాసన, మాడిన చక్కెర పాకం రుచి, ఇయ్యన్ని ఆ కాలిన చెక్క నుంచి ఊరినయే. కెంటకీ రాష్ట్రంలనే చేయాలన్న రూలు లేదు, అమెరికాల ఎక్కడన్న చేయొచ్చు. కాని 1964ల అమెరికా కాంగ్రెస్ ఇది మా దేశపు సొంత సరుకని తీర్మానం చేసింది కాబట్టి, అమెరికా బయట చేసింది బర్బన్ అని అమ్మొద్దు.

లేబుల్ మీద ఇంకో రెండు మాటలు ఎతకాలె. "స్ట్రెయిట్" అని ఉంటె కనీసం రెండేండ్లు పీపాల ఉన్నట్టు. నాలుగేండ్లు నిండకపోతె వయసు కచ్చితంగ రాయాలె. అంటే స్ట్రెయిట్ అని ఉండి వయసు రాసిలేదంటె, నాలుగేండ్లకు తక్కువ లేదని లెక్క. రెండోది "బాటిల్డ్ ఇన్ బాండ్". ఇది 1897ల వచ్చిన చట్టం. ఆ కాలంల వ్యాపారులు సారాల ఏవేవో కలిపి రంగు పోసి విస్కీ అని అమ్ముతుంటె, కల్తీని ఆపనీకి తెచ్చిండ్రు. ఒక్కటే బట్టీల, ఒక్కటే సీజన్‌ల కాచినదై ఉండాలె. నాలుగేండ్లు సర్కారు నిఘా ఉన్న గోదాంల ఉండాలె. సరిగ్గ 50 శాతం బలంతోనే సీసాకెక్కాలె. నన్నడిగితె అమెరికా విస్కీల ధర తక్కువ, నమ్మకం ఎక్కువ ఉన్న ముక్క ఇదే. అక్కడి మనోళ్లు ఎవరన్న వస్తూ ఏం తేవాలె అంటె ఈ నాలుగు మాటలున్న సీసానే చెప్త. ఒక్కొక్కరికి రెండు లీటర్ల దాక సుంకం లేకుంట తెచ్చుకునే వీలున్నది.

ఇగ రై. ఇది మన దిక్కు పండే పంట కాదు. గోధుమకు చుట్టం, చలి దేశాలల్ల, బలం లేని నేలల్ల గూడ పండుతది. అమెరికా రై విస్కీల ఈ గింజ కనీసం 51 శాతం ఉండాలె, పీపా రూలు బర్బన్‌దే. రుచి మాత్రం మారిపోతది. తీపి ఎనకకు పోయి మిరియాల ఘాటు ముందలికొస్తది. కారం తినే నోళ్లకు ఇది నచ్చుతదని నా అనుభవం. మొన్నొక దావత్‌ల డాలస్ నుంచి వచ్చిన మా బావ రిటెన్‌హౌజ్ రై సీసా దించిండు. స్కాచ్ తప్ప ముట్టని మా చిన్నాయన గూడ మటన్ ఫ్రైతోని ఇదే పోయుమన్నడు.

అమెరికాల మొదటి విస్కీ రాజ్యం రైదే, బర్బన్ ఎనక వచ్చింది. పెన్సిల్వేనియా, మేరీలాండ్ రైతులు పండించిన గింజను కొండలు దాటించి అమ్మలేక, సారా కాచి అమ్మెటోళ్లు. 1791ల సర్కారు దాని మీద పన్ను వేసింది. చిన్న రైతులు తిరగవడ్డరు. 1794ల అణచనీకి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ స్వయంగ పటాలం తోలుకొని బయల్దేరిండు. ఆయనే పదవి దిగినంక 1797ల తన మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌ల బట్టీ పెట్టిండు. 1799ల అక్కడ దగ్గర దగ్గర 11 వేల గ్యాలన్ల విస్కీ తీసిండ్రు, అది గూడ రైయే. పన్నుకు తిరగవడ్డ రైతు మీదికి పటాలం, పటాలం నడిపినాయనకు బట్టీ! ఇసొంటి ముచ్చట్లు మనకు కొత్తేం గాదు, ముందుకు పోదాం.

1920 నుంచి 1933 దాక అమెరికాల మద్యనిషేధం నడిచింది. మనకాడ 1995ల పెట్టింది రెండేండ్లకే ఎత్తేసిండ్రు గాని, అక్కడ పదమూడేండ్లు సాగింది. ఆ దెబ్బకు రై దాదాపు మూలకు వడ్డది. మళ్ల ఈ 2000 దాటినంక కాక్‌టెయిల్ బార్ల పుణ్యాన లేసింది. లేసినంక ఏమైంది? చానా కొత్త బ్రాండ్లు సొంత బట్టీ లేకుంటనే, ఇండియానా రాష్ట్రం లారెన్స్‌బర్గ్‌ల ఉన్న ఒక్క పెద్ద ఫ్యాక్టరీ కాడ 95 శాతం రైతోని చేసిన సరుకు కొనుక్కొచ్చి, ఎవరి పేరు వాళ్లు అతికించుకున్నరు. తాతల కాలపు రహస్యం అని కథలు రాసిండ్రు. సరుకు చెడ్డదేం గాదు, మంచిదే. కథే అబద్ధం. అందుకే సీసా ఎనక చిన్న అక్షరాలల్ల ఏ రాష్ట్రంల కాచిండ్రో సూడాలె, అది రాయాలని చట్టమే ఉన్నది. ముందట కౌబాయ్ బొమ్మ, ఎనక "డిస్టిల్డ్ ఇన్ ఇండియానా" అని ఉంటె సంగతి సమజైనట్టే. కెనడాల ఇంకో ఇచ్చంత్రం. అక్కడ విస్కీని అలవాటుగ "రై" అంటరు. లేబుల్ మీద రై విస్కీ అని రాసుకోనీకి దాంట్ల రై గింజ ఇంత ఉండాలన్న కనీస లెక్కే లేదు. రీల్స్‌ల రై మంచిది అన్నప్పుడు ఏ దేశం రై అని అడగాలె.

స్కాచ్ రూల్స్ వేరు. స్కాట్లండ్‌లనే కాచాలె, ఓక్ పీపాల కనీసం మూడేండ్లు అక్కడ్నే ఉండాలె, 40 శాతానికి బలం తగ్గొద్దు. సింగిల్ మాల్ట్ అంటే ఒక్క బట్టీల, మొలకెత్తిన బార్లీతోని మాత్రమే చేసింది. మాల్ట్ అంటే మనకు తెల్వని వస్తువు కాదు, రాగి మాల్ట్ తాగినోళ్లమే. గింజను నానవెట్టి, మొలక రాంగనే ఆరవెట్టుడు. ఆ ఆరవెట్టేకాడ ఐలా దీవోళ్లు ఒక పని చేస్తరు. బురద నేలల్ల వేల ఏండ్ల సంది కుళ్లి గట్టివడ్డ గడ్డి గాదాన్ని, పీట్ అంటరు, ముక్కలుగ కోసి ఎండవెట్టి మన పిడకల తీరు కాలుస్తరు. ఆ పొగంతా బార్లీకి పడుతది. లఫ్రోయిగ్ అసొంటి సీసా మూత తీస్తె దవాఖాన వాసన వచ్చిందని ముక్కు మూసుకునేది అందుకే. అది చెడిపోయింది కాదు, దాని గుణమే అది. మొదటిసారి స్కాచ్ కొనేటోళ్లకు అది కొనుమని చెప్పేటోడు మీ సోపతిగాడు కాదు. గ్లెన్‌ఫిడిక్ 12 తోనో, బ్లెండ్ అయితె బ్లాక్ లేబుల్ తోనో మొదలు పెట్టాలె.

బ్లెండ్ అంటే చిన్నచూపు చూసుడు రీల్స్‌ల ఫ్యాషనైంది. బ్లెండెడ్ స్కాచ్‌ల మాల్ట్‌తోని పాటు గోధుమ, మక్కలతోని చేసిన తేలిక విస్కీ గూడ కలుస్తది. రెండూ పీపాల మూడేండ్లకు తక్కువ ఉండొద్దు. కలిపితె తక్కువ జాతిది ఎట్లయితది? పప్పుల చింతపండు కలిపినందుకు పప్పు విలువ తగ్గుతదా? ఇంకో మాట, స్కాచ్‌ల రంగు కోసం కారమెల్ కలపనీకి చట్టం ఒప్పుకుంటది. బర్బన్‌ల ఒప్పుకోదు. కాబట్టి స్కాచ్ రంగు ముదురుగ ఉన్నదని మురవొద్దు.

ఇప్పుడు ఆ వయసు లొల్లికి వద్దాం. "స్కాచ్ 12 ఏండ్లది, మీ బర్బన్ ఆరేండ్లది, ఇగ పోటీ ఏంది?" అని దావత్‌ల మీసం మెలేసేటోళ్లను చూసిన. బర్బన్ కొత్త పీపాల పడుతది, కెంటకీ ఎండాకాలం వేడికి సారా చెక్కలకు లోపలిదాక దూరి, చలికి బయటికొస్తది. ఆరేండ్లల్ల చెక్క ఇచ్చేదంత ఇచ్చేస్తది. ఇరువై ఏండ్లు ఉంచితె చానాసార్లు చెక్క చేదు నాలుకను పట్టుకుంటది. బర్బన్ వాడి వదిలేసిన పీపాలే అట్లాంటిక్ దాటి స్కాట్లండ్‌కు పోతయ్. మొదటి చాయ్ తాగినంక అదే పొడిల మళ్ల నీళ్లు పోసినట్టు, వాడిన పీపా నిదానంగ ఇస్తది. వాతావరణం గూడ సల్లగ ఉంటది. అందుకే స్కాచ్‌కు పదీ పన్నెండేండ్లు కావాలె. స్కాట్లండ్‌ల పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతది. బెంగళూరుల అమృత్ బట్టీల ఆ లెక్క 10 శాతం దాటుతది. అక్కడ పన్నెండేండ్లు ఉంచితె పీపాల మిగిలేది ఎంత? మన దేశపు సింగిల్ మాల్ట్‌ల మీద పెద్ద అంకెలు కనవడకపోవుడు తక్కువతనం కాదు, ఎండ లెక్క అది. ఆ అమృత్‌ను 2004ల గ్లాస్గోకే తీస్కపోయి అమ్మకానికి పెట్టిండ్రు.

ధర సంగతి చూద్దాం, ఎందుకంటె సర్కారు వార్తలన్ని దాని చుట్టే తిరుగుతున్నయ్. లెక్క సులువుకు, ఓడరేవుల దిగేటప్పుడు 1,000 రూపాయల విలువున్న సీసా అనుకుందాం. 150 శాతం సుంకంతోని అది 2,500 అయితది. ఒప్పందం అమలైనంక స్కాచ్‌కు 1,750. పదో ఏడాదికి 1,400. బర్బన్‌కు 100 శాతం కాబట్టి 2,000. అంటే 2025 ఫిబ్రవరి లెక్కతోని "బర్బన్ చవక, స్కాచ్ పిరం" అని చెప్పిన సలహా, బ్రిటన్ ఒప్పందం లెక్కల ఉల్టా అయితది. రుచిల ఏ మార్పు లేదు, మారింది వాషింగ్టన్‌తోని, లండన్‌తోని ఢిల్లీ ఆడిన బేరం. ట్రంప్‌తోని ప్రధాని కూసునే ముందు బర్బన్ సుంకం దించిండ్రు. బ్రిటన్ స్కాచ్ కోసం ఏండ్ల తరబడి అడిగి సాధించుకున్నది.

ఈ సుంకంల ఒక ముక్క మీద నాకు గట్టి పేచీ ఉన్నది. 150 శాతంల అసలు కస్టమ్స్ సుంకం 50 శాతమే. మిగతా 100 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. రైతు పేరు మీద వసూలు చేసేదన్నట్టు. సెస్సు అయితె రాష్ట్రాలకు వాటా ఇయ్యాల్సిన పని లేదు, కేంద్రం కాడనే ఉంటది. బర్బన్‌కు దించినప్పుడు తగ్గించింది గూడ ఆ సెస్సునే, అది 100 నుంచి 50కి వచ్చింది. రైతు పేరు పెట్టినప్పుడు రైతును అడగలే, తీసినప్పుడు గూడ అడగలే.

సుంకం తగ్గితె మన ఊరి వైన్స్‌ల ధర గంత తగ్గుతదని అనుకోవద్దు. దాని మీద రాష్ట్ర ఎక్సైజ్, పన్నులు ఎక్కుతయ్. తెలంగాణల టోకు కొనుడంతా సర్కారు బేవరేజెస్ కార్పొరేషన్ చేతులనే ఉన్నది. ఇంకోటి, స్కాచ్ మొత్తం సీసాలల్లనే వస్తదనుకునుడు తప్పు. సింగిల్ మాల్ట్‌ను 2012 సంది స్కాట్లండ్‌లనే సీసాకెక్కించాలె గాని, బ్లెండ్‌లు ట్యాంకులల్ల వచ్చి ఇక్కడ సీసాలకెక్కుతయ్. టీచర్స్, హండ్రెడ్ పైపర్స్, వ్యాట్ 69 గట్ల తయారైనయే. కొంత స్కాచ్ మన దేశీ బ్రాండ్లల్ల కలువనీకి పోతది. సుంకం తగ్గితె ముందుగాల లాభపడేది ఆ కంపెనీల ఖర్చు లెక్క. అది మీ సీసా దాక వస్తదా, మధ్యల్నే ఇంకిపోతదా అన్నది చూడాలె. సీసాల లెక్కన స్కాచ్‌ను ఎక్కువ తెప్పించుకునే దేశం మనదే, 2024ల 19.2 కోట్ల సీసాలంత వచ్చింది. అయిన గూడ మన దేశంల తాగే విస్కీల స్కాచ్ వాటా నూటికి మూడు దగ్గర్నే ఆగింది.

అటు కెంటకీల పరిస్థితి ఉల్టా ఉన్నది. పోయినేడు మిర్చికి ధర వచ్చిందని ఊరంతా మిర్చి వేసిన తీరు, పదిహేనేండ్ల బర్బన్ జోరు చూసి అందరు పీపాలు నింపిండ్రు. రాష్ట్ర జనాభా 45 లక్షలు, గోదాంలల్ల పండుతున్న పీపాలు కోటీ 60 లక్షలు. మనిషికి మూడు పీపాల పైన. 2025 మార్చిల ట్రంప్ సుంకాల మీద కోపంతోని కెనడా రాష్ట్రాలు తమ సర్కారు దుకాణాలల్ల అమెరికా మందును అరల మీది నుంచి తీసేసినయ్. అదే ఏడాది జాక్ డేనియల్స్ తీసే బ్రౌన్ ఫార్మన్ కంపెనీ లూయివిల్‌ల తన పీపాల కార్ఖానాను మూసింది. జిమ్ బీమ్ తన పెద్ద బట్టీల 2026 అంతా కాచుడు ఆపుతమని ప్రకటించింది. పీపాలు చేసే వడ్లోళ్లకు పని పోయింది, బట్టీకి మక్కలు అమ్మే రైతుకు గిరాకీ తగ్గుతది. గట్లుంటె రీల్స్‌ల ఇంకా "ఈ బర్బన్ దొరకదు, దొరికితె పదింతలిచ్చి కొనుండ్రి" అని పాప్పీ వాన్ వింకిల్ పేరు జపం చేస్తున్నరు. గోదాంలు నిండి పొర్లుతున్నప్పుడు కరువు కథ చెప్పేటోని మాట మీద పైసలు పెట్టొద్దు. అమెరికాల ఉన్న తెలుగోళ్లకైతె వైల్డ్ టర్కీ 101, బఫెలో ట్రేస్ మామూలు ధరకు దొరికితె చాలు.

ఇంత లొల్లి మూడు దేశాల సీసాల మీద పెట్టుకుంటున్నం గాని, మన ఊర్లల్ల నూటికి తొంభై మంది ముందల ఉండేది వేరే సీసా. దాని మీద గూడ విస్కీ అనే ఉంటది. లోపల చానామటుకు చెరుకు మడ్డితోని గాని, నూక బియ్యం, మక్కలతోని గాని తీసిన న్యూట్రల్ స్పిరిట్ ఉంటది. పీపా మొఖం చూడని స్పిరిట్‌కు కొద్దిగ మాల్ట్ కలిపి, రంగు వాసన సవరించి, 42.8 శాతం బలంతోని అమ్ముతరు. మన నిబంధనలు దాన్ని విస్కీ అననిస్తయ్. యూరప్ చెరుకు మడ్డి సరుకును విస్కీ అననియ్యదు, అక్కడ అమ్మాలంటె పేరు మార్చుకోవాలె. మన మక్కలు, మన నూకలు, వాటితోని మంచిది చేయొచ్చు, దాంట్ల నామోషీ లేదు. పేచీ ఏందంటె, ఆ సీసా మీద గింజ ఏది, మాల్ట్ ఎంత, పీపాల ఎన్ని దినాలు అన్న ముచ్చట చానాసార్లు దొరకదు. వేలు పెట్టి కొనేటోనికి చట్టం ఇన్ని అక్షరాలు రాయిస్తది. దినాం కూలి పైసల్లకెల్లి క్వార్టర్ కొనేటోనికి బంగారు రంగు బొమ్మ ఒక్కటే.

ఆహార భద్రత నిబంధనలు రాసే ఢిల్లీ అధికారులు గింజ, మాల్ట్ శాతం, పీపాల ఉన్న కాలం అని మూడు గీతలు తప్పకుంట రాయాలన్న రూలు పెట్టాలె. స్కాచ్‌కు సుంకం దించనీకి ఏండ్లకేండ్లు కూసొని మాట్లాడినోళ్లు దీనికి ఒక్క నోటిఫికేషన్ ఇయ్యలేరా? 180 ఎం.ఎల్. సీసా ఎనక అంత జాగా ఉన్నది, నేను స్కేలు పెట్టి కొలిచి చూసిన.